సెటిల్డ్ అంటే ఎవరు? ఎవరి లెక్కలో?

ఇంగ్లీషు నుంచి మన గూడేలకు వచ్చి స్థిరపడిన మాటల్లో ‘సెటిల్’ ఒకటి. బస్సు, రేషను, డిపో లాగే దీనికీ ఇప్పుడు ఎవరూ అర్థం అడగరు. బడి ముఖం చూడని అవ్వ కూడా ‘మా మనవడు ఇంకా సెటిలవ్వలేదు బాబూ’ అంటుంది. డిగ్రీ చదివి ఊళ్లోనే కాఫీ తోట, మిరియాల పాదులు చూసుకుంటున్న కుర్రాణ్ణి చుట్టాలు ‘ఈ ఏడు పంట ఎలా ఉంది’ అని అడగరు. ‘ఎప్పుడు సెటిలవుతావు’ అని అడుగుతారు. అదే కుర్రాడు విశాఖపట్నంలో ఏదో షాపులో నెల జీతానికి కుదిరి, అద్దె గదిలో నలుగురితో సర్దుకుని ఉంటే ‘పర్వాలేదు, సెటిలయ్యాడు’ అంటారు. సొంత నేల మీద ఉన్నవాడు సెటిల్ కానట్టు, అద్దె గదిలో ఉన్నవాడు సెటిలైనట్టు లెక్క.

ఇంట్లో తిరిగే ఈ మాటే రెవెన్యూ రికార్డుల్లోనూ ఉంది. అటవీ శాఖ నోటిఫికేషన్లో ఉంది. కోర్టు తీర్పుల్లో, ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ చేయించే కాగితాల్లో, మన పిల్లలు చదివే సాంఘిక శాస్త్రంలో ఉంది. ఇన్ని చోట్ల మన బతుకును తూచే మాటను మనం కూడా ఒకసారి తూచి చూడాలి. మేము ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లం. కథనో కవితనో విమర్శకు తీసుకున్నట్టే ఈ ఒక్క మాటను ఇక్కడ విమర్శకు తీసుకుంటున్నాం.

మాటకు ఉన్న అర్థాలు

‘సెటిల్’ అనే మాట పాత ఇంగ్లీషులో ‘సెట్ల్’ అనే మాట నుంచి వచ్చింది. సెట్ల్ అంటే కూర్చునే పీట, ఆసనం. ‘సిట్’ దీనికి దగ్గరి చుట్టం. ఇప్పటి ఇంగ్లీషులో దీని వాడుకలు చాలా ఉన్నాయి. పిట్ట కొమ్మ మీద వాలితే సెటిల్. దుమ్ము నేలకు దిగితే సెటిల్. కలక నీళ్లు తేరి మడ్డి అడుక్కి చేరితే సెటిల్. ఇంటి పునాది కుంగినా సెటిలే. తగువు తీరితే, బాకీ చెల్లితే, తేదీ ఖాయమైతే సెటిల్. ఒక చోట ఇల్లు కట్టుకుని ఉండిపోతే సెటిల్ డౌన్. కొత్త చోటుకు అలవాటు పడితే సెటిల్ ఇన్. కోరింది దొరక్క తక్కువతో సరిపెట్టుకుంటే సెటిల్ ఫర్. గాలీ వానా మారకుండా నిలకడగా ఉంటే సెటిల్డ్ వెదర్. అన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న భావం ఇది: కదులుతున్నది ఆగింది, ఇక కదలదు.

తెలుగులో దీనికి సరిజోడు వెతికితే ‘కుదురు’ దొరుకుతుంది. సంబంధం కుదిరింది, బేరం కుదిరింది, పనికి కుదిరాడు, మనసు కుదుటపడింది, పిల్లాడు కుదురుగా కూర్చున్నాడు. ఇందులో ఒక తేడా గమనించాలి. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్టనూ కుదురే అంటాం. మొక్క చుట్టూ నీళ్లు నిలవడానికి చేసే పాదునూ కుదురే అంటాం. అంటే కుదురు అనే మాటలో నిలబడే వస్తువుతో పాటు దాన్ని నిలబెట్టే ఆధారం కూడా ఉంది. మొక్క కుదురుకోవాలంటే దాని చుట్టూ ఉన్న నేల దానికి ఉండాలి. ‘సెటిల్డ్’ అనే మాటలో ఆ ఆధారం కనిపించదు. స్థితి మాత్రమే కనిపిస్తుంది.

ఇక్కడ సంస్కృతం వైపు కూడా ఒక చూపు చూడాలి. ఇంగ్లీషు సిట్, సెటిల్ మాటలకూ సంస్కృతంలోని ‘సద్’ అనే ధాతువుకూ మూలం ఒకటేనని భాషా శాస్త్రం చెబుతుంది. సద్ అంటే కూర్చోవడం. సదనం, సదస్సు, పరిషత్తు ఆ కుదురు నుంచి వచ్చినవే. భాగవతం నాలుగో స్కంధంలో వేన రాజు కథ ఉంది. మునులు చనిపోయిన వేనుడి తొడను మథిస్తే నల్లగా పొట్టిగా ఒక మనిషి పుట్టాడు. నేనేం చెయ్యాలని అడిగాడు. ‘నిషీద’ అన్నారు, అంటే కూర్చో అని. అందుకే అతడు నిషాదుడయ్యాడనీ, కొండల్లో అడవుల్లో ఉండేవాళ్లు అతని సంతానమనీ కథ చెబుతుంది. ఈ కథ రాసినవాళ్ల దృష్టిలో అడవి మనిషికి పేరు కూడా ఒకరిచ్చిన ఆజ్ఞ నుంచే వచ్చింది. ఆ ఆజ్ఞ ‘కూర్చో’. దాని తర్వాత వచ్చిన పృథువన్నా, ఏ రాజన్నా పరిపాలించడానికి సింహాసనం మీద కూర్చున్నారు. నిషాదుణ్ణి మాత్రం పక్కన కూర్చోబెట్టారు. ఇంగ్లీషువాడు సెటిల్ అనే మాటతో మన కొండలెక్కడానికి చాలా ముందే, అదే ధాతువుతో మన మీద ఒక తీర్పు ఉంది.

పడటం, పరచడం

టీచర్లు వ్యాకరణంలో చెప్పే ఒక చిన్న విషయం ఈ మాటకు తాళంచెవి. ‘సెటిల్’ అకర్మకంగానూ వస్తుంది, సకర్మకంగానూ వస్తుంది. తెలుగులో మనం ఈ రెంటినీ విడదీసి చెబుతాం. తనంతట తాను చేస్తే ‘స్థిరపడు’. ఇంకొకరు చేస్తే ‘స్థిరపరచు’. ‘గోండులు ఆ లోయలో స్థిరపడ్డారు’ అంటే వాళ్లు నేల చూసుకున్నారు, నీళ్లు చూసుకున్నారు, ఉండాలనుకున్నారు. ‘గోండులను ఆ లోయలో స్థిరపరిచారు’ అంటే ఎవరో తెచ్చి పెట్టారు.

ఇంగ్లీషులో ‘దే వర్ సెటిల్డ్’ అన్న వాక్యం ఈ రెండు అర్థాలనూ మోయగలదు. కర్మణి ప్రయోగంలో చేసినవాడి పేరు చెప్పకపోయినా వాక్యం పూర్తవుతుంది. ‘ద ఫారెస్ట్ వజ్ సెటిల్డ్’ అని రాస్తే తప్పు లేదు. ఎవరు చేశారు, ఎవరిని అడిగారు, ఎవరు పోయారు అనేవి ఆ వాక్యంలో చోటు అడగవు. మన చరిత్రలో చాలా భాగం ఇలాంటి వాక్యాల్లోనే రాసి ఉంది. ఒక మార్పు పూర్తయిన తర్వాత, అదెప్పటినుంచో ఉన్న స్థితి అన్నట్టు కనిపించేలా ఈ మాట పనిచేస్తుంది. ఈ మాట మీద మా ప్రధానమైన అభ్యంతరం ఇదే: ఒకరు చేసిన నిర్ణయాన్ని అది సహజ స్థితిగా చూపిస్తుంది.

పోడు మీద వేసిన ముద్ర

పాఠ్యపుస్తకాల్లో ఒక నిచ్చెన ఉంటుంది. కింది మెట్టు వేట, ఆహార సేకరణ. దాని పైన పోడు. దాని పైన ‘సెటిల్డ్ అగ్రికల్చర్’, అంటే స్థిర వ్యవసాయం. ఆ పైన పరిశ్రమలు, పట్నాలు. మన పిల్లవాడు ఆ పాఠం చదివి, తన తాత రెండో మెట్టు మీద నిలబడ్డాడని తెలుసుకుంటాడు. ఇంగ్లీషులో పోడును ‘షిఫ్టింగ్ కల్టివేషన్’ అంటారు. షిఫ్టింగుకు ఎదురుమాట సెటిల్డ్. పోడు చేసేవాడు షిఫ్టింగ్ కాబట్టి సెటిల్డ్ కాడు అని పిల్లవాడికి తానే అర్థమైపోతుంది.

ఇక్కడ మాట వాస్తవాన్ని తప్పించింది. పోడులో కదిలేది ఏమిటి? ఎండాకాలంలో వాలు మీద పొదలు కొట్టి ఆరబెడతారు. ఇప్ప, చింత, మామిడి, జీలుగు లాంటి అక్కరకొచ్చే చెట్లను ఉంచుతారు. వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో సామ, కొర్ర, జొన్న, కంది కలిపి వేస్తారు. రెండు మూడేళ్లు పండించి ఆ చెక్కను అడవికి వదిలి ఇంకో చెక్కకు వెళతారు. వదిలిన చెక్క పొదలెక్కి, ఆకు రాలి, మట్టి కోలుకున్నాక మళ్లీ అక్కడికి వస్తారు. ఊరు ఉన్నచోటే ఉంటుంది. ఊరి దేవత రాయి ఉన్నచోటే ఉంటుంది. పెద్దల సమాధులు అక్కడే ఉంటాయి. ఏ వాలు ఏ కుటుంబానిదో ఊరందరికీ తెలుసు. తిరిగేది పంట మాత్రమే. కొండరెడ్ల చిన్న గూడేలు కొన్ని పాతకాలంలో చోటు మార్చినవీ ఉన్నాయి. అవి తిరిగిన నేలకూ హద్దులుండేవి, ఆ హద్దులు పొరుగు ఊరికి తెలిసి ఉండేవి.

మైదానం రైతు వరి తర్వాత మినుము వేస్తే దాన్ని పంట మార్పిడి అని పాఠంలో మెచ్చుకుంటారు. పొలాన్ని ఒక ఏడు బీడు పెడితే భూసారం కాపాడాడంటారు. మన తాత అదే పని పెద్ద నేల మీద, పెద్ద కాలం మీద చేస్తే అతడు సెటిల్ కాలేదు! రిజర్వు ఫారెస్టు గీతలు గీసి తిరిగే నేలను కుదించేశాక, పదేళ్లు పడుకోవలసిన చెక్కకు మూడేళ్లకే మళ్లీ వెళ్లవలసి వచ్చింది. మట్టి కొట్టుకుపోయింది. అప్పుడు పోడు అడవిని పాడు చేస్తోందని రాశారు. గీత గీసినవాడి పేరు ఆ వాక్యంలో లేదు.

అడవిని ‘సెటిల్’ చేసిన తీరు

అటవీ చట్టాల భాషలో ‘ఫారెస్ట్ సెటిల్‌మెంట్’ అంటే అడవి మీద ఎవరికి ఏ హక్కులున్నాయో విచారించి తేల్చడం. 1882 మద్రాసు అటవీ చట్టంలోనూ, 1927 భారత అటవీ చట్టంలోనూ దీనికి ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసర్ అనే అధికారి ఉంటాడు. 1927 చట్టం ప్రకారం ఫలానా నేలను రిజర్వు చెయ్యబోతున్నామని ప్రకటన వేస్తారు. హక్కులున్నవాళ్లు చెప్పుకోవడానికి మూడు నెలలకు తక్కువ కాని గడువు ఇస్తారు. చెప్పుకోని హక్కు, విచారణలో బయటపడకపోతే, పోయినట్టే. ఆ కాలంలో లోపలి గూడెంలో రాత వచ్చినవాడెవడు? వచ్చిన కాగితం ఏ భాషలో ఉంది? హక్కు అనేది అర్జీ పెడితేనే ఉంటుందని ఎవరికి తెలుసు? అర్జీ రాలేదు కాబట్టి అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదు కాబట్టి సెటిలైపోయింది.

అదే చట్టం పోడు గురించి ఇంకో మాట కూడా చెప్పింది. పోడు హక్కు కాదట. ప్రభుత్వం అదుపు చెయ్యగల, కుదించగల, రద్దు చెయ్యగల వెసులుబాటు మాత్రమేనట. ఒక చేత్తో నేలను సెటిల్ చేస్తూ ఇంకో చేత్తో ఆ నేల మీద బతికేవాణ్ణి అన్‌సెటిల్ చెయ్యడం అంటే ఇదే. మన్యం తిరుగుబాట్ల వెనక, 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం ప్రాణం ఇచ్చిన పోరాటం వెనక ఈ గీతల బాధ ఉంది. భీం చనిపోయిన తర్వాతే నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను ఆదిలాబాదు గోండుల స్థితి చూడమంది. ఆ దశాబ్దంలోనే గోండు, కోలాం కుటుంబాలకు పట్టాలివ్వడం మొదలైంది. ‘సెటిల్’ అయిపోయిందని రాసుకున్న విషయం నిజానికి సెటిల్ కాలేదని భీం మరణం చెప్పింది.

కంచె లోపలి సెటిల్‌మెంట్

‘సెటిల్‌మెంట్’ అనే పేరుతో ఊళ్లే ఉండేవి. 1871 నేరస్థ జాతుల చట్టం, దాని తర్వాత 1911 చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని రాశాయి. వాళ్లను ఒక చోట ఉంచడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. అప్పటి గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచిన స్టూవర్టుపురం అందులో ఒకటి. అక్కడ పెట్టింది ముఖ్యంగా ఎరుకలవాళ్లను. ఎరుకలవాళ్లు అంతకు ముందు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలికి తిరిగి అమ్మేవాళ్లు. ఊరికి ఉప్పు తెచ్చే మనిషి తిరగకుండా ఎలా తెస్తాడు? రైళ్లొచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ అజమాయిషీ వచ్చి ఆ బేరం పోయింది. బేరం పోయినవాడికి తిరుగుబోతు అనే పేరు, ఆ పేరుకు నేరస్థుడనే చట్టం వచ్చాయి.

ఆ సెటిల్‌మెంట్లలో హాజరు పిలుపు ఉండేది. బయటికి వెళ్లాలంటే పాసు కావాలి. ఇంగ్లీషు మాట ప్రకారం వాళ్లు ‘సెటిల్డ్’. కుదురు అనే తెలుగు మాట ఆ స్థితికి నప్పదు, ఎందుకంటే అక్కడ వాళ్ల కింద నేల వాళ్లది కాదు. 1952లో ఆ చట్టం రద్దయింది. పేరు మీద పడ్డ మచ్చ మాత్రం సినిమాల్లో, పోలీసు అనుమానాల్లో ఇంకా బతికే ఉంది. ఈ కథ మనం మరిచిపోకూడదు. కొండ మీద ఉన్నవాళ్లకు పోడు పేరుతో, దారుల మీద ఉన్నవాళ్లకు నేరం పేరుతో ఒకే మాట వర్తించింది.

సముద్రం అవతల అదే మాట

ఈ మాట మన ఒక్కరి మీదే వాడలేదు. ఆస్ట్రేలియాకు బ్రిటిషువాళ్లు వెళ్లినప్పుడు అక్కడ వేల ఏళ్లుగా ఆదివాసులున్నారు. బ్రిటిషు న్యాయం వలస దేశాలను గెలిచినవి, ఇచ్చినవి, ‘సెటిల్’ చేసినవి అని విడగొట్టేది. ఆస్ట్రేలియాను మూడో రకంలో వేసింది. 1889లో ఇంగ్లండులోని ప్రీవీ కౌన్సిల్ ఒక తీర్పులో, ఆ నేల స్థిర నివాసులు గాని, స్థిరమైన చట్టం గాని లేని ప్రాంతమని చెప్పింది. స్థిర నివాసులు అనే చోట వాడిన మాట ‘సెటిల్డ్’. ఉన్నవాళ్లు సెటిల్డ్ కాదు కాబట్టి వచ్చినవాళ్లు సెటిలర్లయ్యారు.

ఆ మాటను తిప్పికొట్టింది టారెస్ జలసంధిలో మర్రే అనే చిన్న ద్వీపం మనిషి ఎడ్డీ మాబో. తన ద్వీపంలో ఏ తోట ఏ కుటుంబానిదో, హద్దు ఎక్కడుందో, తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తుందో ఆయన, ఆయన వెంట నిలిచినవాళ్లు కోర్టుకు చెప్పారు. పదేళ్లు నడిచిన ఆ కేసులో 1992 జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు ఆదివాసుల భూమి హక్కును ఒప్పుకుంది. తీర్పు వచ్చేనాటికి మాబో బతికి లేడు. అదే ఏడాది జనవరిలో చనిపోయాడు. మనం ఇందులో నేర్చుకోవలసింది ఒకటుంది. ఆయన కోర్టులో మాట మీద మాట విసరలేదు. తోటల పేర్లు, హద్దుల గుర్తులు, ఎవరి తర్వాత ఎవరు సాగుచేశారన్న వరస చెప్పాడు. ‘సెటిల్డ్ కాదు’ అనే మాటకు జవాబు ఆ వివరాలే.

లేపేటప్పుడు ఇచ్చే పేరు

మన దగ్గర ఆ మాటకు ఇంకో రూపం ఉంది: రీసెటిల్‌మెంట్. 2013 భూసేకరణ చట్టం పేరులోనే అది ఉంది. పోలవరం కింద మునిగే కోయ, కొండరెడ్ల ఊళ్లకు ఇచ్చేది రీసెటిల్‌మెంట్. ‘రీ’ అంటే మళ్లీ. మళ్లీ స్థిరపరచాలంటే ముందు స్థిరంగా ఉండాలి కదా. పోడు పాఠంలో సెటిల్డ్ కానివాడు, ఊరు ఖాళీ చేయించే కాగితంలో ఒక్కసారిగా సెటిల్డ్ అయిపోయాడు. ఈ మాట ఎదురుబొదురు వాడకాన్ని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కాలనీలో వరసగా కట్టిన ఇళ్లు సెటిల్‌మెంటే కావచ్చు. గోదావరి ఒడ్డు, చేప, వెదురు, ఇప్ప చెట్టు, ఊరి దేవత లేని చోట కుదురు పడిందా అన్నది వేరే ప్రశ్న.

మాట మనకు పనికొచ్చిన చోటూ ఉంది, అది చెప్పకపోతే విమర్శ ఒంటికన్నుది అవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం మన మీద జరిగినదాన్ని చారిత్రక అన్యాయమని తన పీఠికలోనే ఒప్పుకుంది. అటవీ గ్రామాలను, సర్వే కాని పాత ఆవాసాలను రెవెన్యూ గ్రామాలుగా మార్చుకోవడాన్ని, సెటిల్‌మెంటు చేయించుకోవడాన్ని ఆ చట్టం హక్కుగా రాసింది. ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మీద ఉమ్మడి హక్కు కూడా అందులో ఉంది. ఇక్కడ సెటిల్‌మెంటును అడిగేది మనం. గ్రామసభలో అర్జీ మొదలయ్యేది మన దగ్గర. అయినా జాగ్రత్త కావాలి. వ్యక్తి పట్టాకు ఆ చట్టం ప్రకారం నేల నిజంగా ఆక్రమణలో ఉండాలి, నాలుగు హెక్టార్లు దాటకూడదు. అడవికి వదిలిన చెక్కను ఆక్రమణలో ఉందని చూపించడం కష్టం. అందుకే తిరిగే నేల ఉన్న ఊళ్లు వ్యక్తి పట్టాలతో ఆగిపోకుండా సామూహిక హక్కుకూ అర్జీ పెట్టుకోవాలి. మన సాగు తీరును అందులో రాయించుకోవాలి.

సంతకం పెట్టే ముందు

యువతకు ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఏజెన్సీలో భూమి తగువు వస్తే ‘సెటిల్‌మెంట్ చేసుకుందాం’ అంటారు. స్టాంపు కాగితం మీద ఏదో రాసి, వేలిముద్ర వేయించి, అయిపోయింది అంటారు. 1959 భూ బదలాయింపు నిబంధన, దాన్ని సవరించిన 1970 నాటి ఒకటో నిబంధన, మనం 1/70 అనేది, ఏజెన్సీ భూమిని గిరిజనులకు లేదా గిరిజనుల సహకార సంఘాలకు తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదని చెబుతున్నాయి. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, భూమి మీద ఏ ఒప్పందమైనా ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి అవతలివాడు ఆ కాగితానికి సెటిల్‌మెంటు అని పేరు పెట్టినంత మాత్రాన అది చెల్లదు. ఆ మాట విన్నప్పుడు మన మనసులో ముందు మెదలాల్సింది ‘సెటిల్ ఫర్’ అనే వాడుక: ఇక్కడ తక్కువతో సరిపెట్టుకుంటున్నది ఎవరు?

న్యాయవాదులు ‘సెటిల్డ్ లా’ అంటారు. ఇక మారదు అనే అర్థంలో. టీచర్లకు దీని నిలకడ ఎంతో స్వయంగా తెలుసు. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి మూడో జీవో ఇరవై ఏళ్లు నడిచింది. అది ఖాయమని నమ్మి ఎందరో పిల్లలు టీచరు ట్రైనింగులో చేరారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కదపలేదు. వెనక వస్తున్నవాళ్లకు దారి మూసింది. మనకు అనుకూలమైనది ఖాయమని చెప్పినప్పుడు కాగితం ఎంత గట్టిదో చూసుకోవాలి. మనకు వ్యతిరేకమైనది ఖాయమని చెప్పినప్పుడు భీంనూ మాబోనూ గుర్తుచేసుకోవాలి.

బడిలో, రాతలో చెయ్యవలసింది

ఈ మాటను వాడొద్దని మేము అనడం లేదు. ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి, ఈ మాటా కావాలి. అడిగి వాడమంటున్నాం. ‘సెటిల్డ్’ కనిపించిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వెయ్యాలి. చేసింది ఎవరు? అడిగింది ఎవరిని? అక్కడినుంచి కదిలింది ఎవరు?

టీచర్లు వాయిస్ పాఠం చెప్పేటప్పుడు ‘ద ల్యాండ్ వజ్ సెటిల్డ్’ అనే వాక్యాన్ని బోర్డు మీద రాసి, దాన్ని కర్తతో తిరగరాయమని పిల్లలకు చెప్పవచ్చు. కర్త ఎవరో తెలియకపోతే ఊళ్లో పెద్దల్ని అడిగి రమ్మనవచ్చు. సాంఘిక శాస్త్రంలో నిచ్చెన పాఠం వచ్చినప్పుడు ఊరి పటం గీయించాలి. ఈ ఏడు సాగులో ఉన్న చెక్క, పడుకున్న చెక్క, తాతల నాటి చెక్క, దేవత చోటు, నీళ్ల ఊట అన్నీ గుర్తుపెట్టించాలి. ఆ పటం చూశాక తమ ఊరు ఎంత కుదురుగా ఉందో పిల్లలకు మనం వేరే చెప్పనక్కర్లేదు. రేపు సామూహిక హక్కు అర్జీకీ ఆ పటం పనికొస్తుంది.

రచయితలకూ ఒక మాట. మన కథల్లో కుర్రాడు పట్నంలో ఉద్యోగం తెచ్చుకుంటే కథ సుఖంగా ముగుస్తోంది, ఊళ్లో ఉండిపోతే దిగులుగా ముగుస్తోంది. ఉద్యోగానికి వెళ్లడం తప్పు కాదు, మనలో చాలామందిమి అలా వెళ్లినవాళ్లమే. ఉండిపోయినవాడి కథకు మాత్రం ‘ఇంకా సెటిల్ కాలేదు’ అనే ముగింపు తగదు. అతడు వలిసెలు, రాజ్‌మా వేసి, కాఫీ గింజ ఆరబోసి, గ్రామసభలో లేచి మాట్లాడే మనిషి. అతని కింద ఉన్న నేల కథలో కనిపించాలి.

పదో తరగతి పిల్లలతో ఈ పటం పని చేసిన టీచర్లు, పిల్లలు తిరగరాసిన వాక్యాలను, ఊళ్ల పేర్లతో సహా దాచి పెట్టండి. మన వచ్చే సంకలనంలో వాటికి చోటుంటుంది.